పగుళ్ళు కనిపించని కరవు

కరవు అన్న మాట వినగానే పత్రికా పాఠకుని కన్నుల ముందు నిలిచే పటం ఒక్కటే. పలకలు పలకలుగా బీటలు వారిన నేల. దాని నడుమ చతికిలబడిన ముసలి రైతు. నుదుటిపై అరచేయి అడ్డం పెట్టుకొని మబ్బులేని ఆకాశం వంక అతని చూపు. దేశం మారినా, సంవత్సరం మారినా, ఈ పటం మారదు. అనంతపురం కరవుకు కూడా దీనినే అతికించి పాఠకుల ముందు పెట్టడం పరిపాటి అయిపోయినది.

అయితే ఆ పీఠభూమిని ఎరిగినవానికి ఈ పటం చూడగానే ఒక సందేహం కలుగుతుంది. ఈ నేల ఎక్కడిది? అనంతపురం సీమలో అధికభాగం పలుచని ఎర్రనేల. దానిలో ఇసుక పాలు ఎక్కువ, బంకమన్ను పాలు తక్కువ. ఎండినప్పుడు అట్టి నేల పైపెచ్చు గట్టిపడుతుంది; గాలికి దుమ్మై లేస్తుంది; వాన పడితే కోసుకొనిపోయి వంకలో కలుస్తుంది. కాని పలకలుగా పగలదు. నీరు తాగి ఉబ్బడం, ఎండి కుంచించుకొనడం బంకమంటి గుణం. అందుచేత పెద్ద బీటలు కనిపించేది నల్లరేగడిలోను, ఎండిన చెరువుల అడుగున పేరుకొన్న ఒండ్రులోను మాత్రమే. ఎర్రనేల రైతును పొలంలోనుండి తీసికొనిపోయి చెరువు నడుమ కూర్చుండబెట్టితే తప్ప ఆ పటం తయారు కాదు.

మరి ఆ సీమ కరవు ఎట్లుంటుంది? చాలసార్లు అది పచ్చగా ఉంటుంది. ఈ మాట వింతగా తోచవచ్చు, కాని నిజం. ఇక్కడ ఏటి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి ఋతుపవనం పడమటి కనుమలు దాటేసరికి నీటిని చాలవరకు అక్కడనే కురిసి వస్తుంది. ఈశాన్య ఋతుపవనం తూర్పుతీరం నుండి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడుతుంది. ఈ రెంటి నడుమ చిక్కిన నేలలో దశాబ్దాలుగా వర్షాధారపు ప్రధానమైన పంట వేరుశనగ. ఈ మొక్క నడవడి విచిత్రమైనది. పువ్వు నేలపైన పూస్తుంది. ఫలదీకరణ జరిగిన పిదప దానినుండి ఊడ దిగి మట్టిలోనికి చొచ్చుకొనిపోతుంది. అక్కడ, చీకటిలో, కాయ అవుతుంది. సరిగా ఊడలు దిగే రోజులలో వాన మొగం చాటేస్తే నేల పైపెచ్చు బిగుసుకొనిపోతుంది. ఊడ లోనికి పోలేదు. పోయినా కాయ ఊరదు. ఆ తరువాత ఎప్పుడో రెండు జల్లులు పడితే ఆకు మళ్ళీ తేరుకొంటుంది. బాటను పోయేవానికి చేను నిండుగా, కన్నులకు చల్లగా కనిపిస్తుంది. మొక్కను పెరికి చూచినవానికి గాని ఆ సంవత్సరం పోయిందన్న సంగతి తెలియదు.

ఈ చేనిని ఛాయాచిత్రంగా తీయవలసి వచ్చినవాని చిక్కును ఒక్కసారి ఆలోచించవలె. ఉన్నది ఉన్నట్లు తీస్తే పచ్చని పంట, చూచినవారు శుభమనుకొంటారు. పటం తీసిన తరువాత ఇంట కూర్చుండి ఆకుపచ్చను తగ్గించి, మట్టిరంగును పెంచి, ఆకాశాన్ని నలుపు చేస్తే కరవు వలె కనిపించవచ్చు. కాని అది అబద్ధం. ఇందుకు ఒకటే మార్గమున్నది. మొక్కను పెరికి, ఊడలు వ్రేలాడుతూ కాయలు లేని ఆ వేళ్ళను రైతు చేతిలో ఉండగా, వెనుక అదే పచ్చని చేను కనిపించేటట్లు, దగ్గరనుండి తీయవలె. పచ్చదనం, వట్టితనం, రెండూ ఒకే పటంలో చేరితే దానికి ఏ మెరుగులూ అక్కరలేదు. ఆ పటం తయారైనది కెమెరాలో కాదు. వేరుశనగ కాపు ఎట్లు కాస్తుందో తెలిసిన బుద్ధిలో.

మంచి ఛాయాచిత్రం మీట నొక్కక ముందే చాలవరకు సిద్ధమై ఉంటుందని పెద్దలు చెప్పే మాటకు అర్థం ఇదే. తీసిన తరువాత దిద్దుకొనవచ్చును లెమ్మనే ధీమా నేటి విద్యార్థులలో విస్తారంగా ఉన్నది. చేతిఫోనులోనే పది పన్నెండు రకాల మెరుగు సాధనాలు ఉండగా ఆ ధీమా కలుగడంలో ఆశ్చర్యం లేదు. అందుచేత దిద్దుబాటుకు లొంగేవి ఏవి, లొంగనివి ఏవి అన్నది ముందు తేల్చుకొనవలె.

కొంచెం చీకటిగా వచ్చిన పటాన్ని కొంత వెలిగించవచ్చు. రంగు పాలును సరిచేయవచ్చు. వంకరగా వచ్చిన దిగంతాన్ని తిన్నగా తిప్పవచ్చు. కాని నిలబడిన చోటును మార్చలేము. వెలుగు వచ్చిన దిక్కును మార్చలేము. తప్పిపోయిన క్షణాన్ని తిరిగి పిలువలేము. చేయి కదిలి చెదిరిపోయిన అంచును నిజంగా కూర్చలేము. మరొక ముఖ్యవిషయం: అతివెలుగులో తెల్లబడి మాసిపోయిన భాగంలోనికి వివరాన్ని తేలేము. డిజిటల్ కెమెరాలోని సెన్సరుపై కోట్లకొలది చిన్న వెలుగు పాత్రలు ఉన్నవనుకొంటే, పాత్ర నిండిన తరువాత ఎంత వెలుగు పోసినా పొర్లిపోవును గాని లెక్కకు రాదు. ఎండలో మెరిసే తెల్లని పంచెకు మడతలు లేకుండా పోయినవంటే ఆ మడతలు ఫైలులో లేవు. ఎంత విలువైన సాధనమైనా లేనిదానిని కల్పించగలదే గాని తిరిగి తీయలేదు. పూర్వపు నెగటివు ఫిలిము అతివెలుగును కొంత ఓర్చుకొనేది. స్లైడు ఫిలిము మాత్రం డిజిటల్ వలెనే ఓర్చుకొనేది కాదు. స్లైడు ఫిలిముతో పని నేర్చినవారికి వెలుగు మోతాదు విషయంలో అంత కట్టుబాటు ఉండడానికి కారణమిదే.

ఇక అనంతపురం ఎండ సంగతి. ఆ పట్టణం ఉత్తర అక్షాంశం సుమారు 14.7 డిగ్రీల వద్ద ఉన్నది. ఈ లెక్కన సూర్యుడు సంవత్సరానికి రెండుసార్లు, ఏప్రిల్ 30 ప్రాంతాన ఒకసారి, ఆగస్టు 13 ప్రాంతాన మరొకసారి, సరిగా నడినెత్తికి వస్తాడు. ఆ రోజులలో పగలు 12 గంటల 15 నిమిషాలు మొదలు 25 నిమిషాల లోపల నిలువుగా పాతిన కర్రకు ప్రక్కకు నీడ పడదు. పాఠశాల ఆవరణలో ఒక కర్ర పాతి ఏ ఉపాధ్యాయుడైనా పిల్లలకు ఈ వింతను చూపవచ్చు. భూగోళ పాఠమూ ఛాయాగ్రహణ పాఠమూ అక్కడ ఒక్కటవుతవి. ఎందుకంటే, కర్రకు నీడ లేని వేళ మనిషి ముఖానికి మాత్రం చెడ్డ నీడ ఉంటుంది. కనుబొమల క్రింద రెండు గుంటలు, ముక్కు క్రింద ఒక మరక, తలపాగా క్రింద చీకటి. ఎంతటి నవ్వుముఖమైనా ఆ వెలుగులో రోగిష్ఠిముఖమై కూర్చుంటుంది. తరువాత ఆ గుంటలను వెలిగించబోతే ముఖం చదునై పిండిబొమ్మ వలె తయారవుతుంది.

దీనికి పల్లెలోనే విరుగుడు ఉన్నది. మనిషి నీడ మనిషికంటె పొడవుగా ఉన్న వేళ తీయడం మొదటిది. ఋతువును బట్టి కొంత మారినా, సుమారుగా ఉదయం తొమ్మిదిన్నర లోపల, సాయంకాలం మూడున్నర తరువాత అట్టి వేళ దొరుకుతుంది. లేపాక్షిలోని ఏకశిలా నందిని చూచినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. నడిమధ్యాహ్నం అది ఒక పెద్ద రాతిముద్ద. వెలుగు ఏటవాలుగా పడిన వేళ మెడలోని హారాలు, గంటలు ఒక్కొక్కటే నీడను తోడు తెచ్చుకొని బయటికి వస్తవి. రాయి అదే, ఉలిపని అదే. మారినది వెలుగు కోణం మాత్రమే. నడిపగలే తీయవలసి వస్తే రెండవ మార్గమున్నది. మనిషిని ఇంటి పంచలోనికో, వేపచెట్టు నీడ అంచుకో పిలిచి, ముఖం బయటి వెలుగు వైపు తిప్పమనవలె. ఎదుట సున్నం కొట్టిన గోడ ఉంటే అదే దీపమవుతుంది. కాని ఎదుట ఎర్రనేల ఉంటే ఆ ఎరుపు ముఖంపైకి, తెల్లని బట్టపైకి ఎగబ్రాకుతుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అటువంటి చోట రంగుల సరితూకాన్ని కెమెరా ఇష్టానికి వదలక, అదే వెలుగులో ఒక తెల్లకాగితం చూపి ముందే నిర్ణయించుకొనడం మేలు.

వెలుగు మోతాదు విషయంలో కెమెరా చేసే పొరపాటును కూడా తెలిసికొనవలె. కెమెరాలోని మాపకం తన ముందున్న దృశ్యమంతా సగటున ఒక నడిమి బూడిదరంగు అనుకొని లెక్క కడుతుంది. పడిన వెలుగులో సుమారు 18 శాతాన్ని తిప్పికొట్టే బూడిద అట్ట దీనికి పరిపాటిగా వాడే కొలమానం. అందువల్ల సున్నపు గోడ ముందు తెల్లపంచె కట్టుకొన్న పెద్దమనిషిని తీస్తే గోడా, పంచె రెండూ మాసి కనిపిస్తవి. నల్లకంబళి కప్పుకొన్న గొర్రెలకాపరిని దగ్గరగా తీస్తే కంబళి వెలిసిపోయినట్లు వస్తుంది. మొదటివానికి వెలుగు కొంత ఎక్కువ, రెండవవానికి కొంత తక్కువ అని కెమెరాకు మనిషే చెప్పవలె. మాపకం లేని కాలంలో పెద్దలు ఒక సూత్రం పాటించేవారు: నిండు ఎండలో ఎపర్చరు ఎఫ్ 16 వద్ద పెట్టి, ఫిలిము వేగం 100 అయితే సెకనులో సుమారు నూరవ వంతు కాలం వెలుగు ఇవ్వడం. మబ్బులేని అనంతపురం ఆకాశం క్రింద ఈ సూత్రం నేటికీ నమ్మదగినదే. సూత్రం కంఠస్థమైనవాడు దృశ్యం వైపు చూస్తాడు. కానివాడు తెర వైపు చూస్తూ కూర్చుంటాడు.

తీయక ముందే అంతా తేల్చుకొనవలసిన అవసరం తొలినాటి ఛాయాగ్రాహకులకు తప్పనిసరి. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యపు అధికారి అనంతపురానికి పొరుగుననే ఉన్న హంపీ శిథిలాలను ఛాయాచిత్రాలుగా తీశాడు. అవి మైనం పట్టించిన కాగితపు నెగటివులు. ఒక్కొక్కటి సుమారు 18 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు గలవి. ఆనాడు నెగటివును ముద్రకాగితానికి అదిమి ఎండలో పెట్టి అచ్చు తీసేవారు. నెగటివు ఎంతో పటమూ అంతే. పెద్దది చేయడమన్న మాట లేదు. అంత బరువైన పరికరాన్ని బండల మీద నిలిపి, నిమిషాల తరబడి లెన్సు తెరచి ఉంచవలసినవాడు ఎక్కడ నిలబడవలెనో, ఏ వేళ నిలబడవలెనో ముందే నిర్ణయించుకొనక తీరదు. 1983లో ఆస్ట్రేలియా ఛాయాగ్రాహకుడు జాన్ గాలింగ్స్ ఆ పటాలను చేతబట్టుకొని, గ్రీన్‌లా నిలబడిన తావులనే వెదకి, అక్కడనుండి అవే కట్టడాలను మళ్ళీ తీశాడు. నూట ఇరువది ఏడేండ్లలో ఏది కూలినది, ఏది నిలిచినది, ఎక్కడ చెట్టు మొలచినది అన్నది ఆ రెండు వరుసలను ప్రక్కప్రక్కన పెట్టినవారికి స్పష్టమవుతుంది. మొదటివాడు తన పటంలో ఒక స్తంభాన్ని కలిపినా తీసివేసినా ఈ పోలిక చెడిపోయి ఉండేది.

దిద్దుబాటు ఆశ కూడా ఆ కాలం నుండీ ఉన్నదే. 1856 మొదలు 1860 వరకు మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా పనిచేసిన లిన్నేయస్ ట్రైప్ దక్షిణదేశపు దేవాలయాలను అద్భుతంగా తీశాడు. నాటి రసాయనాలు నీలికాంతికి మిక్కిలి చురుకైనవి కావడంచేత ఆకాశం వట్టి తెల్లకాగితం వలె వచ్చేది. ట్రైప్ తన నెగటివులపై కుంచెతో రంగు పూసి మబ్బులు కల్పించాడు. అవి చూడముచ్చటగా ఉంటవి. కాని ఆ రోజున నిజంగా మబ్బు పట్టినదా అని ఆ పటాలను అడిగితే జవాబు రాదు. వాన కోసం పరితపించే సీమలో ఆకాశాన మబ్బు ఉండడం, లేకపోవడం అలంకారం కాదు, అది వార్త.

అయితే దిద్దుబాటు లేనంత మాత్రాన పటం సత్యమైపోతుందా? కాదని చెప్పడానికి ఈ సీమ చరిత్రలోనే కఠినమైన ఉదాహరణ ఉన్నది. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహాకరవు దత్తమండలాలను కుళ్ళబొడిచినది. అనంతపురం అప్పటికి వేరు జిల్లా కాదు, బళ్ళారిలో భాగం, 1882లో విడివడినది. ఆ కరవును విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఛాయాచిత్రాలుగా తీశాడు. ఎముకలు మాత్రమే మిగిలిన స్త్రీలను, పురుషులను, పసిపిల్లలను గుంపులుగా కూర్చుండబెట్టి, పడుకోబెట్టి తీసిన పటాలవి. వానిలో చెరిపినది లేదు, కలిపినది లేదు. వెలుగు సరిగానే ఉన్నది, ప్రతి ప్రక్కటెముకా స్పష్టంగానే ఉన్నది. అయినా ఆ పటాలను చూచి లోకం ఆయననే నిందించినది: ఇంతటి ఆర్తులను వరుస తీర్చి నిలిపినవాడు వారికి తిండి పెట్టినాడా అని. కుటుంబ చిత్రానికి మనుషులను అమర్చినట్లు ఆకలిని అమర్చడం చూచినవారి మనస్సును కలచివేసినది.

ఇంకొక కొరత కూడా ఆ పటాలలో ఉన్నది. ఆ ప్రజల ఎముకలు కనిపిస్తున్నవి గాని, ఎందుచేత అట్లయినారో కనిపించదు. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరవుపనిలో ఒక మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యము, ఒక అణా మాత్రమే చాలునని నిర్ణయించాడు. ఆ లెక్క ఏ లెన్సుకూ అందదు. అందుచేత కరవు పటానికి క్రింద వ్రాసే రెండు పంక్తులు పటమంత ముఖ్యమైనవి. ఏ ఊరు, ఏ తేదీ, ఏ పంట, ఎన్ని రోజులుగా వాన లేదు. ఇవి లేని పటం, ఎంత నిర్దుష్టంగా తీసినా, చెరువులో కూర్చున్న రైతు పటంగా మారిపోవడానికి ఎంతోకాలం పట్టదు.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. కెమెరాలోనే కల్పన చేస్తే అది తప్పా? దీనికి జవాబు కూడా అనంతపురం సీమ బిడ్డ ఒకరు చెప్పి ఉన్నారు. తాడిపత్రిలో 1912లో పుట్టిన కదిరి వెంకటరెడ్డి, లోకానికి కె. వి. రెడ్డి, 1957లో విడుదలైన 'మాయాబజార్' చిత్రానికి దర్శకులు. చిత్రానువాదాన్ని ముందే ఖాయం చేసికొని, సెట్టుమీదికి పోయిన తరువాత ఇష్టంవచ్చినట్లు మార్పులు చేయని క్రమశిక్షణకు ఆయన పేరుగాంచారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. కంప్యూటరు మాటే లేని ఆ రోజులలో ద్వారకానగరాన్ని చిన్న నమూనాగా కట్టి, దీపాలు అమర్చి, కెమెరా కోణంచేతనే మహానగరంగా చూపారు. నౌకావిహారపు పాటలో వెన్నెల కురిపించారు. విందుపాటలో పాత్రలు వాటంతట అవే కదలినవి. ఇట్టి తంత్రాలకు ఆనాడు ఉన్న సాధనాలు ఫిలిమును వెనుకకు త్రిప్పి మరల వెలుగు చూపడం, లెన్సులో కొంత భాగాన్ని మూసి మిగిలిన భాగంతో తీయడం, కెమెరాను ఆపి వస్తువును మార్చి మళ్ళీ నడపడం వంటివి. ప్రతిదానికీ ముందుగా లెక్క కట్టవలె. లెక్క తప్పితే ఫిలిము పోయినట్లే.

ఆ చిత్రంలో చూపినది మాయ. పేరులోనే మాయ ఉన్నది. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు మాయనే కోరి వచ్చాడు. కరవు పటాన్ని చూచే పాఠకుడు మాయను కోరి రాలేదు. జరిగినది చూపమని వచ్చాడు. రెంటికీ భేదం పరికరంలో లేదు, చూచేవానికి ఇచ్చిన మాటలో ఉన్నది. ఇంకొక సంగతి. 2010లో 'మాయాబజార్'కు రంగులు అద్ది తిరిగి విడుదల చేశారు. అర్ధశతాబ్దం తరువాత కంప్యూటరు రంగును ఇవ్వగలిగినది. కాని ఏ నీడ ఏ చెక్కిలిపై పడవలెనో 1957కు ముందే బార్ట్‌లీ నిర్ణయించి ఉన్నాడు. ఆ వెలుగునీడల పైననే రంగు నిలిచినది.

చీకటిగదిని గాని, దాని వారసురాలైన కంప్యూటరును గాని వట్టి దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. అమెరికా పర్వతాలను తీసి ప్రసిద్ధికెక్కిన ఆన్సెల్ ఆడమ్స్ సంగీతం అభ్యసించినవాడు. నెగటివును స్వరపరచిన కీర్తనతోను, అచ్చును దానిని పాడడంతోను పోల్చేవాడు. అయితే ఆ పాటకు ఆధారం మీట నొక్కక ముందే తుదిపటాన్ని మనస్సులో చూడడమని ఆయనే బోధించాడు. ఫ్రాన్సు దేశపు ఆన్రీ కార్తియే-బ్రెసాఁ తాను తీసిన చట్రాన్ని అంచులు కత్తిరించకుండా అచ్చు వేయవలెనని పట్టుబట్టేవాడు. ఆయన పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే 1932 నాటి పటం, పారిస్ రైలుస్టేషను వెనుక నీటిమడుగును దూకుతున్న మనిషి, మాత్రం అంచు కత్తిరించినదే. కంచెపలక అడ్డం రావడంచేత తప్పలేదు. నియమం గొప్పదైనప్పుడు మినహాయింపు దానిని చెరుపదు.

హద్దు ఎక్కడ అన్నదే ప్రశ్న. 1982 ఫిబ్రవరిలో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక ముఖచిత్రం నిలువుకొలతలో ఇముడడానికి ఈజిప్టు పిరమిడ్లను ఒకదానికొకటి దగ్గరగా జరిపినది. రాళ్ళు జరుగలేదు గాని పత్రిక పరువు జరిగినది. 2015లో 'వరల్డ్ ప్రెస్ ఫోటో' పోటీలో తుది అంచెకు ముందటి అంచెకు చేరిన ఎంట్రీలలో సుమారు అయిదవ వంతును, మార్పులు చేసినందుకు న్యాయనిర్ణేతలు త్రోసివేశారు. పటమంతటికీ వర్తించే స్వల్పమైన వెలుగు, రంగు సవరణ ఒకటి. పటంలోని వస్తువును కదిలించడం, చెరిపివేయడం, నీడలో కప్పిపెట్టడం వేరొకటి. మొదటిది దుస్తులకు ఇస్త్రీ; రెండవది దొంగసాక్ష్యం.

ఈ భేదం నేడు పత్రికలకు మాత్రమే పరిమితం కాదు. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో పంటకోత ప్రయోగాలను చేతిఫోనుతో తీసిన ఛాయాచిత్రాలతోను, స్థలనిర్దేశంతోను నమోదు చేసే పద్ధతి వచ్చినది. అంటే రైతు నష్టానికి ఛాయాచిత్రం సాక్షి అయినది. ఒక్క పటం మెరుగు దిద్దినదని తేలితే ప్రక్కనున్న పది నిజమైన పటాలను కూడా అధికారి అనుమానించడా? నిజమైన ఆర్తికి అబద్ధపు అలంకారం చేసే అపకారం ఇంతింత కాదు.

మరొక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. నేటి చేతిఫోను తనంతట తానే దిద్దుబాటు చేస్తున్నది. మీట ఒక్కసారి నొక్కితే అది అనేక పటాలను తీసి, కలిపి, చర్మాన్ని నున్న చేసి, ఆకాశాన్ని నీలి చేసి చూపుతుంది. ముసలివాని ముడతలు, కాపరి కాళ్ళ పగుళ్ళు అక్కడనే మాయమవుతవి. తాను దిద్దలేదని తీసినవాడు ప్రమాణం చేయవచ్చు. ఫోను మాత్రం చేయలేదు. అందుచేత అందాలను దిద్దే అమరికలను ముందుగా ఆపివేయడం, వీలున్న ఫోనులో రా ఫైలును కూడా దాచుకొనడం అవసరం. ఎర్రదుమ్ము లెన్సుమీద పేరుకొంటే పటమంతా మసకబారుతుంది. ఒక మెత్తని నూలుగుడ్డ పది సవరణ సాధనాల పెట్టు.

ఉపాధ్యాయులు తలచుకొంటే ఇందుకు తగిన శిక్షణను ఖర్చు లేకుండా ఇవ్వవచ్చు. పూర్వం ఒక ఫిలిము చుట్టలో పన్నెండో, ముప్పదియారో పటాలు మాత్రమే ఉండేవి. ఆ పేదరికమే గురువు. నేడు ఆ పరిమితిని తరగతిలో కల్పించుకొనవలె. ఒక్కొక్క విద్యార్థికి వారానికి పన్నెండు పటాలు, చెరిపివేయడానికి వీలులేదు, కత్తిరించడానికి వీలులేదు. ప్రతి పటానికి ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలె. వెలుగు ఏ దిక్కునుండి వస్తున్నది? వెనుక ఏమున్నది? అంచులలో అక్కరలేనిది ఏది దూరినది? ఇంకొక అడుగు దగ్గరకు పోవచ్చునా? మనిషిని తీస్తున్నప్పుడు అయిదవ ప్రశ్న కూడా కలదు, అది అందరికంటె ముందు అడుగవలసినది, ఆ మనిషినే అడుగవలసినది: "తీయవచ్చునా?"

దీనికంటె పెద్దపని ఒకటి విద్యార్థుల కోసం కాచుకొని ఉన్నది. బుక్కరాయసముద్రం, సింగనమల, ధర్మవరం, బుక్కపట్నం వంటి చెరువులు ఆ సీమకు ప్రాణాధారాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడివడి, కొన్ని అనంతపురంలోను, కొన్ని శ్రీ సత్యసాయి జిల్లాలోను చేరినా, వాటి దాహం మాత్రం విడివడలేదు. ప్రతి ఊరికీ ఒక చెరువో, కుంటో ఉన్నది. పాఠశాలవారు కట్టమీద ఒక రాయిని గుర్తుపెట్టుకొని, ప్రతినెలా మొదటి తేదీన, ఒకే వేళకు, ఆ రాతిపై నిలబడి, ఒకే కోణంలో ఒక్క పటం తీయవలె. ప్రక్కనే ఒక పుస్తకంలో తేదీ, వేళ, ఆ నెల వాన కొలత, చేలలో ఉన్న పంట, తీసిన విద్యార్థి పేరు వ్రాయవలె. మెరుగు దిద్దరాదు, నీరు నిండినా, ఎండినా, ఉన్నది ఉన్నట్లే ఉంచవలె. వేరుశనగ కాలంలో అదే రోజున ఒక మొక్కను పెరికి వేళ్ళను కూడా తీస్తే మరీ మంచిది.

ఏడాదికి పన్నెండు పటాలు; పదేండ్లకు నూట ఇరువది. హంపీలో ఒక్క మనిషి చేసిన పని నూట ఇరువది ఏడేండ్ల తరువాత మరొకనికి ఉపకరించినప్పుడు, ఒక ఊరి పిల్లలు తరతరాలుగా చేసే పని ఆ ఊరికి ఉపకరించదా? ఆ వరుసలో కొన్ని పటాలు చెరువు నిండుగా, కొన్ని చేను పచ్చగా ఉంటవి. కొన్నింటిలో నిజంగానే బీటలు కూడా ఉండవచ్చు. అప్పుడు ఆ బీటలు ఏ చెరువువో, ఏ నెలవో, ఎన్నాళ్ళ ఎండకు పగిలినవో క్రింద వ్రాసి ఉంటుంది.